ఎవరి బిళ్ల వాళ్లే మార్చాలె

మా ఇంట్లో తలుపు పక్కన గోడకు ఒక టేకు చెక్క ఉంది. దాని మీద ఎడమ వైపు "ఇంట్ల" అని, కుడి వైపు "బయట" అని మా బాపు, అంటే నాన్న, తెల్ల పెయింటుతో రాశాడు. ఒక్కో వైపు నాలుగు మేకులు. వాటికి వేలాడదీయడానికి నాలుగు ఇత్తడి బిళ్లలు. ఒకటో నంబరు బాపుది, రెండు అవ్వది, అంటే మా అమ్మది, మూడు నాది, నాలుగు మా ఆయనది. గడప దాటి పోయేవాళ్లు తమ బిళ్లను "బయట" మేకుకు వేసి పోవాలి. తిరిగి రాగానే, చెప్పులు విడవకముందే, "ఇంట్ల" మేకుకు మార్చాలి. పాల ప్యాకెట్ కోసం సందు చివరిదాకా పోయినా అంతే. నాలుగు బిళ్లలూ లోపలి వైపుకు చేరేదాకా తలుపుకు గొళ్లెం పడదు. ఒకరి బిళ్ల ఇంకొకరు ముట్టుకోకూడదు. ఇది బాపు పెట్టిన కాయిదా.

గోదావరిఖనిలో ఈ బిళ్లల సంగతి ఎవరికైనా తెలుసు. బొగ్గుగనిని మేము బాయి అంటాం. బాయి దిగే ముందు మనిషి లైటు తీసుకుని బిళ్ల ఇచ్చి పోతాడు, ఎక్కి వచ్చాక తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక బోర్డు మీద బిళ్ల మిగిలిందంటే ఎవరో ఇంకా కింద ఉన్నట్టు. కానీ ఆ పద్ధతిని ఇంటికి మోసుకొచ్చిన మనిషిని మా బాపును తప్ప నేను ఇంకెవరినీ చూడలేదు. నా స్నేహితురాళ్లు మా ఇంటిని చిన్న బాయి అనేవాళ్లు. ఇంటికొస్తే "బాపూ, మాకూ బిళ్లలున్నయా?" అని అడిగి కిసుక్కున నవ్వేవాళ్లు. నాకు ముక్కు మీదే కోపం. ఒకసారి నా బిళ్ల తీసి మురుగు మోరీలో పడేశాను. బాపు మోరీలో చెయ్యి పెట్టి వెతికి, కడిగి, చింతపండుతో తోమి, మళ్లీ మేకుకు వేశాడు.

నా పెండ్లయ్యాక మా ఆయన మా దగ్గరే ఉండటానికి వచ్చిన రోజున ఆయనకూ ఒక బిళ్ల సిద్ధంగా ఉంది. "మామ బంగారం పెడ్తడనుకుంటే ఇత్తడి పెట్టిండు" అని ఆయన ఇప్పటికీ అంటాడు. కానీ నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపి అలసి వచ్చినా, ముందు బిళ్ల మార్చాకే మంచినీళ్లు అడుగుతాడు.

బాపు పద్దెనిమిదేళ్లకు నేవీలో చేరాడు. ఊళ్లో గోదావరి తప్ప వేరే నీళ్లు చూడని మనిషి. పదిహేనేళ్లు ఓడల ఇంజన్ రూముల్లో పనిచేశాడు. నేను పుట్టిన కబురు ఆయనకు చేరేసరికి నాకు నలభై రోజులట. అవ్వ ఈ మాట చెప్పినప్పుడల్లా బాపు లేచి ఏదో పని ఉన్నట్టు వాకిట్లోకి పోయేవాడు. నేవీ నుంచి దిగి వచ్చాక బాయిలో పంపు ఆపరేటరు అయ్యాడు. భూమి లోపల ఊరే నీళ్లను బయటికి తోడే పని. ఇరవై ఏడేళ్లు ఆ పంపు పక్కనే కూర్చున్నాడు. అక్కడ నీళ్ల మీద ఉన్నాను, ఇక్కడ నీళ్ల కింద ఉన్నాను అనేవాడు.

నేవీ ముచ్చట్లు చాలా చెప్పేవాడు. రేవులు, తిండ్లు, తుఫానులు, గుండెల మీద పచ్చబొట్లు పొడిపించుకున్న దోస్తులు. పరుపును దుప్పటితో కలిపి పొడుగ్గా చుట్టి, తాడుతో మూడు చోట్ల బిగించి పెట్టే అలవాటు ఓడ నుంచే వచ్చింది. నడక కూడా. కాళ్లు ఎడంగా వేసి, నేల కదులుతుందేమో అన్నట్టు నడిచేవాడు. ఆ చెక్క ఎందుకు పెట్టావు అంటే మాత్రం ఒకే జవాబు.

"ఎవరు ఏడున్నరో తెల్వాలె బిడ్డా. అంతే."

డెబ్బై దగ్గర పడ్డాక ఆయన మతి తప్పడం మొదలైంది. ముందు పేర్లు పోయాయి, తర్వాత రోజులు. అన్నం తిని గంట కాకముందే ఇంకా పెట్టలేదని అవ్వ మీద అలిగేవాడు. పరుపు చుట్టడం మానేశాడు. ఆ పని అవ్వ చేసేది, అది కూడా మడత పెట్టడమే, చుట్టడం ఆమెకు రాదు. రెండుసార్లు ఇల్లు వదిలి వెళ్లి దొరికాడు. ఒకసారి బస్టాండులో, ఒకసారి గోదావరి ఒడ్డున. వానాకాలం వస్తే ఇంకా కష్టం. వాన శబ్దం వినగానే "నీళ్లు పెరుగుతున్నయ్, మోటారు చాలు చెయ్యాలె" అని పంపు వెయ్యడానికి లేచేవాడు. ఆయన పనిచేసిన బాయి మూతపడి చాలా కాలమైంది. దాని పక్కనంతా ఇప్పుడు ఓపెన్‌కాస్ట్ తవ్వారు. పాత పంపు షెడ్డు ఒక్కటే ఆ గుంత అంచున తుప్పు పట్టి మిగిలింది. ఈ మాట ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా, వినేవాడు, తలూపేవాడు, మళ్లీ లేచేవాడు.

కానీ ఒక్కటి మరిచిపోలేదు. ఆ రెండుసార్లూ వెళ్లేటప్పుడు బిళ్లను "బయట" మేకుకు వేసే వెళ్లాడు.

రెండేళ్ల కిందట, శ్రావణంలో, మూడు రోజులుగా ముసురు పట్టి ఉంది. ఆ రోజు నేను పాఠాలు చెప్పే స్కూలు మధ్యాహ్నానికే విడిచారు. అవ్వ బాపు మందుల కోసం కంపెనీ దవాఖానకు పోవాలి. "పండుకున్నడు, నువ్వు జల్ది రా" అని ఫోన్ చేసి, తలుపు దగ్గరికి వేసి పోయింది. నేను ఇంటికి చేరేసరికి ఇరవై నిమిషాలు పట్టింది.

చెక్క చూశాను. నాలుగు బిళ్లలూ బయటి వైపే ఉన్నాయి. బాపు గది దగ్గరికి ఉరికాను. కరెంటు లేదు. వాన జల్లు కొడుతుందని అవ్వ కిటికీలు మూసి పోయింది. ఆ మసకలో గోడ వైపు మంచం మీద, బూడిద రంగు దుప్పటి కింద పొడుగ్గా మనిషి ఆకారం కనిపించింది. అమ్మయ్య అనుకున్నాను. వాకిట్లోకి పోయి వచ్చి బిళ్ల మార్చడం మరిచిపోయాడు, చివరికి ఇది కూడా పోయింది అనుకున్నాను. జాలి కలిగింది. దాచడం ఎందుకు, లోపల ఎక్కడో కాస్త గెలిచినట్టు కూడా అనిపించింది. ఇన్నేళ్లు మా అందరి తప్పులు పట్టిన మనిషి కదా.

నా బిళ్ల లోపలికి మార్చాను. అదే చేత్తో బాపు బిళ్ల కూడా మార్చాను. అవ్వ వచ్చి చూసి భయపడకూడదని నాకు నేను చెప్పుకున్నాను. గడప పక్కన ఆయన చెప్పులు ఉన్నాయో లేదో చూడలేదు.

అన్నం తిని, పిల్లల పరీక్ష కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. మూడు గంటలకు ఇంకో ఇరవై నిమిషాలు ఉందనగా ఫోన్ మోగింది. బాపుతో పదేళ్లు పంపు దగ్గర పనిచేసిన ఒకాయన, బాపును కాక అంటాడు, నేను ఆయనను అన్నా అంటాను. ఇప్పుడు ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ అప్పుడు ఎర్రజెండా పట్టుకుని దారికి కావలి ఉంటాడు. బొగ్గు మీది బండను పేల్చే ముందు మూడు సైరన్లు మోగుతాయి. ఆ లోపు చుట్టుపక్కల మనుషులెవరూ లేరని నలుదిక్కులా కావలి ఉన్నవాళ్లు చెప్పాలి. అప్పుడే పేలుస్తారు.

"చెల్లె, కాక ఇంట్లనే ఉన్నడా?"

"ఉన్నడన్నా. ఏమైంది?"

"ఏం లేదు. పాత షెడ్డు దిక్కు ఎవరో ముసలాయన పోయినట్టు అనిపిచ్చింది. గొడ్ల బాటల నుంచి. చెట్లు అడ్డమున్నయ్, మంచిగ కనవడలే. ఆ నడక జూస్తే కాక యాదికొచ్చిండు. ఓసారి లేచి జూసి చెప్పరాదు?"

నేను లేవలేదు. కుర్చీలోంచే తల తిప్పి చెక్క చూశాను. ఒకటో నంబరు బిళ్ల "ఇంట్ల" మేకుకు వేలాడుతోంది.

"ఇంట్లనే ఉన్నడన్నా. పండుకున్నడు. నేను జూసిన."

"సరె చెల్లె. ఇగ ఫోను బంద్ జేస్త మరి" అని పెట్టేశాడు. పేలుడు సామాను దగ్గర ఫోన్లు ఆపేయాలి వాళ్లు.

రెండు కాగితాలు దిద్దానో లేదో మొదటి సైరన్ మోగింది. జబ్బు పడ్డాక బాపు ఆ సైరన్ విన్నప్పుడల్లా లేచి కూర్చుని "లోపట ఎవరన్న ఉన్నరా?" అని అరిచేవాడు. ఒక్క రోజు తప్పలేదు. ఆ రోజు గదిలోంచి అరుపు రాలేదు. సైరన్ ఆగిపోయింది. అప్పటికీ అరుపు లేదు.

వెళ్లి మంచం మీద దుప్పటిని ముట్టుకున్నాను. మెత్తగా లోపలికి పోయింది. చేతికి తాడు తగిలింది. పరుపును దుప్పటితో కలిపి పొడుగ్గా చుట్టి, మూడు చోట్ల బిగించి ఉంది. ఏడాదిగా చెయ్యని పని ఆ మధ్యాహ్నం లేచి చేశాడు. డ్యూటీకి పోయే మనిషి చేసి పోయినట్టు చేసి, బిళ్ల బయట వేసి, పోయాడు. ఆయన ఏదీ మరిచిపోలేదు. ఆయన వేసిన బిళ్లను తీసి అబద్ధం చేసింది నేను.

ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్. మళ్లీ చేశాను. స్విచ్ ఆఫ్. మా ఆయనకు చేశాను, డంపర్ మీద ఉన్నవాళ్లు ఫోన్ ఎత్తరు. ఇంకెవరికి చెయ్యాలో తోచలేదు. స్కూటీ తాళం చేతిలో పెట్టుకుని ఇల్లంతా తాళం కోసం వెతికాను. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నాకు మాత్రం ఈ రోజుకూ నవ్వు రాదు.

క్వార్టర్ల వెనక నుంచి పోతే పాత బాయికి రెండు కిలోమీటర్లు ఉండదు. రోడ్డంతా నల్లటి బురద. సగం దారిలో రెండో సైరన్ మోగింది. హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా, "ఆపుండ్రి, ఆపుండ్రి" అని అరుస్తూ నడిపాను. ఎవరికి చెబుతున్నానో నాకే తెలియదు. ఆ రోడ్డు మీద ఒక్క పురుగు లేదు. "నేను జూసిన" అన్న మాట ఒక్కటే చెవుల్లో తిరుగుతోంది. ఏం చూశాను? ఒక దుప్పటి చూశాను. నేను మార్చిన బిళ్లను నేనే చూసి సాక్ష్యం చెప్పాను. మా బాపుకు ఏమన్నా అయితే చంపింది బండ కాదు, నేను.

దారికి అడ్డంగా కట్టిన తాడు దగ్గర స్కూటీ పడేశాను. ఎర్రజెండా నేలలో గుచ్చి ఉంది. మనిషి లేడు. ఆ అన్న కావలి వదిలి పోయే మనిషి కాడు. తాడు కింద నుంచి దూరబోతుంటే తుమ్మల్లోంచి కేక వినిపించింది.

"ఆన్నే ఉండు చెల్లె! అడుగు పెట్టకు!"

ఆ అన్న ముందు, వెనక బాపు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గొడ్ల బాట మీద వస్తున్నారు. బాపు మోకాళ్ల దాకా బురద. అరచేతుల నిండా తుప్పు. పాత వాల్వు చక్రం పట్టుకుని తిప్పుతున్నాడట, వానలో, ఒక్కడే. నన్ను చూసి "నువ్వెందుకొచ్చినవ్ బిడ్డా, ఇది ఆడోళ్లొచ్చే జాగనా?" అని కసిరాడు. నేను అక్కడే బురదలో కూర్చుని ఏడ్చాను.

ముగ్గురం దూరంగా కాంక్రీటు గోడ వెనక్కి చేరాం. అప్పుడు ఆ అన్న వాకీటాకీలో తన దిక్కు ఖాళీ అని చెప్పాడు. చెప్పే ముందు మా ముగ్గురినీ వేలితో లెక్కపెట్టుకున్నాడు.

"నువ్వు ఇంట్లున్నడంటివి. గాని నాకు మనసున పట్టలే" అన్నాడు నాతో. గొంతులో కోపం లేదు. ఉంటేనే బాగుండేది. "పైకి చెప్పి ఆపిచ్చిన. పోయి జూసొచ్చిన. కాక దగ్గర పదేండ్లు జేసిన గద. ఒకని మాట మీద ఇంకొకన్ని లెక్కల ఎయ్యొద్దని రోజు తిట్టెటోడు."

మూడో సైరన్ మోగింది. తర్వాత నేల ఒక్కసారి లోపలి నుంచి తన్నింది. షెడ్డు వైపు నుంచి రాళ్లు రేకు మీద పడ్డ చప్పుడు వచ్చింది. అవి ఎక్కడ పడ్డాయో నేను చూడదలచుకోలేదు. బాపు గోడకు చెవి ఆనించి, ముఖం విప్పార్చుకుని నవ్వాడు.

"ఇగో, మోటారు పట్టింది" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అవ్వ మందుల సంచితో వాకిట్లో నిలబడి ఉంది. మా అవతారాలు చూసి ఏమైందని అడుగుతూనే ఉంది. బాపు ఎవరి మాటా పట్టించుకోకుండా గడప బయటే నిలబడి, లోపలికి చెయ్యి చాచి "బయట" మేకును తడిమాడు. దాని మీద బిళ్ల లేదు. పక్కకు చూశాడు. తన బిళ్ల "ఇంట్ల" వైపు ఉంది. ఆయన ముఖంలో అంత భయం నేను అంతకుముందు చూడలేదు.

"నేను బయటున్న గద. నా బిళ్ల లోపట ఎవరేసిండ్రు?"

అవ్వ నా వైపు చూసింది. నేను చెప్పకపోయినా నడిచేది. ఆయనకు ఇంకో గంటకు ఏదీ గుర్తుండదు. నువ్వే మరిచిపోయినవ్ బాపూ అంటే నమ్మేవాడు కూడా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నేనే ఏసిన బాపూ. నువ్వు పండుకున్నవనుకున్న. అన్న ఫోన్ జేస్తే ఇంట్లున్నడని చెప్పిన. చూడకుంటనే జూసిన అన్న."

తిడతాడనుకున్నాను. ఆయన గడప మీద కూర్చున్నాడు. తుప్పు అంటిన చేతులు చూసుకున్నాడు. తర్వాత మాట్లాడిన గొంతు మతి తప్పిన మనిషి గొంతు కాదు.

"నేను గూడ గట్లనే చెప్పిన బిడ్డా. ఓడల. కింద పైపు పలిగి నీళ్లొస్తున్నయ్. తలుపు మూస్తెనే ఓడ నిలుస్తది. మనుషుల లెక్క తీస్తున్నరు. నా పక్క బెర్తు దోస్తు పలుకలే. పైనున్నడు, నేను జూసిన అన్న. జూడలే. డ్యూటీ దిగి పోయిండనుకున్న."

అవ్వ మందుల సంచి కింద పెట్టింది. నలభై ఐదేళ్లు కాపురం చేసిన మనిషి నోట ఆమె ఈ మాట వినడం అదే మొదటిసారి.

"మరి ఆయన?" అంది.

"తలుపు మూసినం" అన్నాడు బాపు.

లేచి, తన బిళ్లను "ఇంట్ల" మేకు నుంచి తీసి "బయట" మేకుకు వేశాడు. తర్వాత గడప దాటి లోపలికి వచ్చాడు. వచ్చాక దాన్ని మళ్లీ "ఇంట్ల" మేకుకు మార్చాడు. అవ్వ ఆయనను పెరట్లో నీళ్ల బావి దగ్గరికి తీసుకుపోయి, చేతులు సబ్బుతో కడిగి, అన్నం పెట్టింది. తినేసరికి ఆయనకు ఏమీ గుర్తు లేదు. అన్నం పెట్టలేదని అలిగాడు.

ఈ ఎండాకాలంలో బాపుకు ఊపిరి అందడం కష్టమైంది. ఒక పొద్దున అంబులెన్స్ పిలిచాం. స్ట్రెచర్ మీద తలుపు దగ్గరికి తెచ్చేసరికి ఆయన చెయ్యి గోడ వైపు లేచింది. నోట మాట లేదు, చెయ్యి మాత్రం దించడు. మోస్తున్నవాళ్లు "టైం లేదమ్మా, జరుగుండ్రి" అన్నారు. నేను తలుపుకు అడ్డంగా నిలబడి, నా జీవితంలో ఎవరినీ తిట్టనన్ని తిట్లు ఆ పాపం వాళ్లను తిట్టాను. స్ట్రెచర్ ఆగింది. గోడకు దగ్గరగా జరిపించాను. మా ఆయన సాయం చేయబోతే చెయ్యి పట్టి ఆపాను. బాపు వేళ్లు రెండుసార్లు మేకు తప్పాయి. మూడోసారికి బిళ్ల "బయట" వైపు పడింది. అప్పుడు చెయ్యి దించాడు.

దవాఖాన నుంచి ఆయన తిరిగి రాలేదు. ఆయనను తెచ్చాం, అది వేరే.

పదకొండో రోజు చుట్టాలందరూ పోయాక అవ్వ చెక్క ముందు నిలబడింది. "ఇంటికే వచ్చిండు గద, లోపలికేద్దునా?" అని నన్ను అడిగింది. చెయ్యి ఎత్తింది, మళ్లీ తనే దించుకుంది.

"ఆయన బిళ్ల ఆయనే మార్చాలె" అంది.

అప్పటి నుంచి అవ్వ తలుపుకు గొళ్లెం పెట్టడం లేదు. దొంగలు పడతారే అని రోజూ ఆమె మీద అరుస్తాను. అరిచి, తలుపు దగ్గరికి వేసి, నేనూ పెట్టకుండానే వచ్చి పడుకుంటాను.